46 ఏళ్ల వయసులో సగటు వేగం 18 దగ్గర ఆగిపోతే ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వయసు 46, ఉండేది హైదరాబాద్ పడమటి శివారు తెల్లాపూర్. రెండేళ్లుగా హైబ్రిడ్ సైకిల్ (తిన్నటి హ్యాండిల్, మధ్యరకం టైర్లు ఉన్నది) మీద వారానికి నాలుగైదు రోజులు పొద్దున్నే ఇరవయ్యేసి కిలోమీటర్లు తొక్కుతున్నారు. మొదటి ఆరు నెలల్లో సగటు వేగం గంటకి 15 నుంచి 18 కిలోమీటర్లకి వచ్చింది, ఆ తర్వాత కదల్లేదు. ఎంత గట్టిగా తొక్కినా 19 దాటడం లేదు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా నీరసం, కుడి మోకాలి ముందు వైపు నొప్పి. బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. ఇదంతా వయసు వల్లా, సైకిల్ వల్లా, లక్ష పెట్టి రోడ్ బైక్ (సన్నటి టైర్లు, వంపు హ్యాండిల్ ఉన్న వేగం సైకిల్) కొంటే తీరిపోతుందా అని అడుగుతున్నారు.

వయసు వాటా కొంత ఉంది, సైకిల్ వాటా కూడా కొంత ఉంది. కానీ అసలు సంగతి మీరే మధ్యలో రాసేశారు: "రోజూ ఒకేలా, కొంచెం ఆయాసం వచ్చేలా తొక్కుతాను." మన వయసులో చిక్కంతా అక్కడే. తేలిక రోజు మరీ తేలికగా, కష్టం రోజు నిజంగా కష్టంగా ఉండాలి. రోజూ మధ్యరకంగా తొక్కితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. కండరం కోలుకునేంత తేలికా కాదు, గుండె కొత్తగా నేర్చుకునేంత కష్టమూ కాదు. పాతికేళ్ల కుర్రాడు అలా తొక్కినా బాగుపడతాడు, ఎందుకంటే వాడు రాత్రి పడుకుని లేచేసరికి కోలుకుంటాడు. మనకి రెండు రోజులు పడుతుంది.

ముందు వయసు సంగతి. శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో దాన్ని వీఓ2 మ్యాక్స్ అంటారు. వ్యాయామం లేనివాళ్లలో ముప్పై దాటాక అది పదేళ్లకి సుమారు పది శాతం చొప్పున తగ్గుతుంది. క్రమం తప్పకుండా, అందులో కొంత గట్టిగా సాధన చేసేవాళ్లలో ఆ తగ్గుదల దాదాపు సగానికి వస్తుంది. అంటే 46 ఏళ్ల మనిషి సరిగ్గా తొక్కితే, ఏమీ చేయని 35 ఏళ్ల మనిషిని సులువుగా దాటిపోతాడు. ఫ్రాన్స్‌కి చెందిన రాబర్ట్ మార్షాన్ పేరు వినే ఉంటారు. 2012లో, నూరేళ్ల వయసులో గంటకి 24.25 కిలోమీటర్లు తొక్కాడు. రెండేళ్ల తర్వాత 102 ఏట అదే గంటలో 26.9 కిలోమీటర్లు తొక్కాడు. మధ్యలో ఆయన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు చెప్పినదాంట్లో మనకి పనికొచ్చేవి రెండు. సాధనలో 80 శాతం తేలికగా, 20 శాతం మాత్రమే కష్టంగా తొక్కాడు. పెడల్ తిప్పే వేగం పెరిగింది. వీఓ2 మ్యాక్స్ కూడా (కిలో బరువుకి నిమిషానికి మిల్లీలీటర్లలో) 31 నుంచి 35కి పెరిగింది, వందేళ్లు దాటాక! కాబట్టి వయసైపోయిందన్న మాట పక్కన పెట్టండి.

18 దగ్గరే ఎందుకు ఆగిపోయారో కూడా తెలుసుకోవాలి. చదునైన రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ మన బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. ఆ బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. 18 నుంచి 21కి వెళ్లాలంటే గాలికి పెట్టే బలం దాదాపు 60 శాతం ఎక్కువ కావాలి. 20 నుంచి 25కి అయితే దాదాపు రెట్టింపు. అందుకే 15 నుంచి 18కి తేలిగ్గా వచ్చిన మీకు తర్వాతి మూడు కిలోమీటర్లు కొండలా కనిపిస్తున్నాయి. మీలో లోపం ఏమీ లేదు, లెక్కే అలాంటిది.

సాధన కంటే ముందు ఊరికే దొరికే వేగం ఒకటుంది. సీటు ఎత్తు చూడండి. మోకాలి ముందు భాగం నొప్పి అంటున్నారు కాబట్టి నా అనుమానం మొదట దీని మీదే. మన దగ్గర చాలామంది ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు దించి పెట్టుకుంటారు. అలా పెడితే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా ముడుచుకుంటుంది, చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. సైకిల్‌ని గోడకి ఆనించి, తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే ఎక్కి కూర్చోండి. ఒక పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకి వాలకూడదు. అప్పుడు పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అంతే కావాలి. ఇప్పుడున్న ఎత్తు దగ్గర సీటు గొట్టానికి చిన్న టేపు ముక్క అంటించుకుని, వారానికి అర సెంటీమీటర్ చొప్పున పెంచండి, ఒకేసారి మూడు సెంటీమీటర్లు లేపొద్దు. గొట్టం మీద కనీసం ఇంత లోపల ఉండాలని ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు. మోకాలి వెనక లాగుతున్నట్టు అనిపించినా, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతున్నా ఎత్తు ఎక్కువైనట్టు, కొంచెం దించండి. సరైన ఎత్తులో సీటు మీద కూర్చుంటే మునివేళ్లు తప్ప కాలు నేలకి అందదు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగడం అలవాటు చేసుకోవాలి. రెండు వారాల్లో వచ్చేస్తుంది.

తర్వాత టైర్లు. బొటనవేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనుకోవడం కుదరదు, 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్నా వేలికి గట్టిగానే తగులుతుంది. మీటర్ ఉన్న నిలువు పంపు ఒకటి కొనండి. టైరు మీద 700×32 అని సైజు ఉండి (32 అంటే మిల్లీమీటర్ల వెడల్పు), మీ బరువు 75–80 కిలోలు అనుకుంటే 60–70 పీఎస్‌ఐ మధ్య మొదలుపెట్టి, వెనక టైరులో ముందు దానికంటే కొంచెం ఎక్కువ ఉంచండి. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టేస్తే మన రోడ్ల మీద వెన్ను అదరడం తప్ప లాభం లేదు. వారానికొకసారి చూడాలి, ట్యూబ్‌లో గాలి పంక్చర్ లేకున్నా తగ్గుతూనే ఉంటుంది. మీ టైర్లు మట్టి దారుల కోసం చేసిన గుబ్బల టైర్లైతే నున్నటివి వేయించండి. రోడ్ బైక్‌కి పెట్టే లక్షలో చిన్న భాగంతో మీకు కనిపించే తేడా ఇదే. చైన్ నల్లటి జిగురు పట్టి ఉంటే తుడిచి, సైకిల్ చైన్ ఆయిల్ ఒక్కో కడియానికి ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. గ్రీజు పూయకండి, దుమ్మంతా దానికే అంటుతుంది.

గేరు విషయంలో చాలామంది మగవాళ్లకి ఒక పట్టుదల ఉంటుంది, పెద్ద గేరులో బరువుగా తొక్కితేనే కసరత్తు అని. కుడి కాలు ఒక నిమిషంలో ఎన్నిసార్లు కిందికి వస్తుందో లెక్కపెట్టండి. 55–60 అని వస్తుందని నా అంచనా. దాన్ని 80–85కి తీసుకురావాలి. గేరు ఒకటి రెండు మెట్లు తేలిక చేసి కాళ్లు చకచకా తిప్పడమే. మొదట సీటు మీద ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది, ఆయాసం కూడా కొంచెం ఎక్కువ వస్తుంది. కానీ భారం తొడల నుంచి, మోకాళ్ల నుంచి గుండె మీదికి, ఊపిరితిత్తుల మీదికి మారుతుంది. గుండె సాయంత్రానికి కోలుకుంటుంది, మోకాలు అలా కోలుకోదు. మీ మోకాలి నొప్పిలో సగం సీటుది, సగం ఈ గేరుదీ అయ్యుంటుంది. ఈ రెండూ సరిచేసి మూడు వారాలైనా నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించండి, ఇంటర్నెట్‌లో వెతక్కండి.

ఇప్పుడు సాధన. కానీ గట్టిగా తొక్కే రోజులు మొదలుపెట్టకముందే ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీ ఉంది, 45 దాటింది, మన దక్షిణాసియా వాళ్లకి గుండెజబ్బు మిగతావాళ్ల కంటే కొన్నేళ్లు ముందే వస్తుంది. ఈసీజీ, కొలెస్ట్రాల్, షుగర్ చేయించి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. మీరు వేసుకునే మాత్ర పేరు కూడా చెప్పి మాట్లాడండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ అయితే అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. అప్పుడు వాచీలో కనిపించే హార్ట్ రేట్ జోన్లు మీకు వర్తించవు, ఆయాసాన్నే కొలతగా పెట్టుకోవాలి. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ లాంటి వాటితో సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు. ఏదైనా సరే, తొక్కుతున్నాను కదా అని మాత్ర మీరే మానేయకండి. తొక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకి గాని ఎడమ చేతికి గాని నొప్పి పాకినా, కళ్లు తిరిగినా వెంటనే దిగిపోయి ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్లీ ఎక్కేవాళ్లని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వారానికి నాలుగు రోజులు చాలు. అందులో గట్టి రోజు ఒక్కటే, మొదటి రెండు నెలలు రెండోది వద్దు. మంగళవారం అనుకుందాం. మీకు దగ్గర్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచినది. మొత్తం 23 కిలోమీటర్లలో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న 14.5 కిలోమీటర్ల ముక్క మీకు అచ్చంగా సరిపోతుంది. సిగ్నళ్లు లేవు, అడ్డంగా వచ్చే ఆటోలు లేవు. పావుగంట మెల్లగా తొక్కి ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, అలా మూడుసార్లు. గట్టిగా అంటే ఒకటి రెండు ముక్కలు తప్ప పూర్తి వాక్యం మాట్లాడలేనంత. ప్రాణం పోయేంత మాత్రం కాదు. మూడోసారి కూడా మొదటిసారి వేగంతోనే తొక్కగలిగితే సరిగ్గా చేసినట్టు. మొదటిదానికే నాలుక బయటపెట్టి చివరిదానికి కూలబడితే ఎక్కువ చేసినట్టు. నెల తర్వాత నాలుగు నిమిషాల చొప్పున నాలుగుసార్లకి వెళ్లండి, మధ్యలో విరామం మూడు నిమిషాలే. మొత్తం కష్టం పదహారు నిమిషాలు. ఇంత తక్కువా అనిపిస్తుంది. గురువారం లేచి మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

మిగతా మూడు రోజులూ తేలిక, వాటిలో ఆదివారం ఒక్కటే పొడవు. తేలిక అంటే మీరు ఇప్పుడు అనుకుంటున్న తేలిక కాదు. పక్కనున్నవాడితో సినిమా కథ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చెప్పగలిగేంత. బీటా బ్లాకర్ లేకపోతే గుండె వేగం గరిష్ఠంలో 65–75 శాతం దగ్గర ఉండాలి. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేస్తే గరిష్ఠం వస్తుంది, మీకు సుమారు 176. అది సగటు లెక్క, మనిషి మనిషికి పది అటూ ఇటూ ఉంటుంది. ఆ లెక్కన 115 నుంచి 130 మధ్య. ఈ రోజుల్లో మీ వేగం 16కి పడిపోవచ్చు, ముసలాయన అట్లాస్ సైకిల్ మీద పాలక్యాన్లతో మిమ్మల్ని దాటిపోవచ్చు. పోనివ్వండి. ఈ సాధనలో అందరూ ఓడిపోయేది ఇక్కడే, గట్టి రోజు దగ్గర కాదు. ఎవడైనా దాటగానే కాళ్లు ఊరుకోవు. తొక్కింది నమోదు చేసే స్ట్రావా యాప్‌లో నలుగురూ చూస్తారన్న టెన్షన్ ఉంటే తేలిక రోజుల్ని ఎవరికీ కనిపించకుండా పెట్టుకోండి, ఆ సౌకర్యం ఉంది.

ఆదివారం మొదట గంటన్నర, నెమ్మదిగా రెండున్నర గంటల దాకా పెంచండి. శంకర్‌పల్లి వైపు చిన్న రోడ్లు బాగుంటాయి, ఎత్తుపల్లాలు కూడా వస్తాయి. ఎత్తు రాగానే లేచి నిలబడి తొక్కేయకుండా, గేరు తేలిక చేసి కూర్చునే ఎక్కండి. జూన్, జులైలలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది, ఆ నెలల్లో వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి ఉండేలా దారి పెట్టుకోండి. ఎదురుగాలిలో వేగం చూసి బాధపడొద్దు. మోచేతులు వంచి, ఛాతీ కొంచెం ముందుకి వాల్చి, తేలిక గేరులో తిప్పుకుంటూ పోండి. ఎగిరే వదులు టీషర్ట్, విండ్‌చీటర్ కూడా గాలిని పట్టుకుంటాయి.

మూడు వారాలు ఇలా పెంచుకుంటూ పోయి నాలుగో వారం సగానికి తగ్గించండి. ఆ తగ్గించే వారం వదిలేస్తే ఏమవుతుంది అని అందరూ అడుగుతారు. కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, కోలుకునేటప్పుడు. నలభై దాటాక ఆ నాలుగో వారాన్ని వదిలేసినవాళ్లు మూడో నెలలో జలుబో, నడుము నొప్పో తెచ్చుకుని రెండు వారాలు ఎలాగూ ఇంట్లో కూర్చుంటారు. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి అయిదింటికి లేచి గట్టిగా తొక్కడం కంటే ఆ రోజు పడుకోవడమే మేలు.

సైకిల్ ఎంత తొక్కినా ఎముకలకి బరువు తగలదు, పైగా ముప్పై దాటినప్పటి నుంచి కండ మెల్లగా కరుగుతూ ఉంటుంది. అందుకని వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు బలం కోసం పెట్టండి. గుంజీళ్లలా కుర్చీ ఎత్తుకి కూర్చుని లేవడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తడం, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం), వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం. నెల తర్వాత చేతిలో నీళ్ల డబ్బా పట్టుకుని చేయండి. జిమ్‌కి వెళ్లే ఓపిక ఉంటే ఇంకా మంచిది.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఒక్క సంగతి తప్ప. గంట మామూలుగా తొక్కితే ఖర్చయ్యేది 350–450 కేలరీలు. గుంపుగా వెళ్లి నెయ్యి కారం దోశ, వడ, పైన ఫిల్టర్ కాఫీ లాగిస్తే అది ఇంటికి చేరకముందే తిరిగి వచ్చేస్తుంది. దోశ తినొద్దనను, ఆదివారం పొడవు తొక్కిన రోజు తినండి. మన భోజనంలో అన్నం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. సాధన చేసే మనిషికి కిలో బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి, అంటే మీకు రోజుకి 90 గ్రాముల పైనే. కిడ్నీ సమస్య ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, గిన్నెడు పప్పులో ఏడెనిమిది. కాబట్టి పెసరట్టు, ఉడికించిన శనగలు, పెరుగు, గుడ్లు, చేప, చికెన్ ఏదో ఒకటి ప్రతి పూటా కంచంలో ఉండాలి. గంట లోపు తొక్కేటప్పుడు ముందు ఏమీ తినక్కర్లేదు. గంటన్నర దాటితే గంటకో అరటిపండు, రెండు ఖర్జూరాలు. ఎండాకాలం గంటకి అర లీటర్ పైన నీళ్లు తాగండి, రెండు గంటలు దాటితే ఓఆర్‌ఎస్ కలుపుకోండి, కానీ బీపీ ఉంది కాబట్టి రోజూ ఉప్పు మజ్జిగ అలవాటు చేసుకోవద్దు. ఏప్రిల్, మేలలో ఏడు గంటలకల్లా ఇంట్లో ఉండాలి.

సగటు వేగాన్ని రోజూ చూడకండి. సిగ్నళ్లు, గాలి, కుక్కలు అన్నీ అందులో కలిసిపోతాయి. నెలకొకసారి, ఒకే ట్రాక్ మీద, ఒకే గాలి ఒత్తిడితో, నిద్ర బాగా పట్టిన మర్నాడు ఇరవై నిమిషాలు గట్టిగా తొక్కి ఎంత దూరం వచ్చిందో రాసుకోండి. పొద్దున లేవగానే మంచం మీద ఉండగానే నాడి చూసుకోండి. కొన్ని వారాల్లో అది మెల్లగా తగ్గాలి. ఒకరోజు మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువుంటే ఆ రోజు గట్టిగా తొక్కొద్దు. మీలా 18 దగ్గర ఆగినవాళ్లు మూడు నాలుగు నెలల్లో ఇదే సైకిల్ మీద 21–22కి రావడం చాలాసార్లు చూశాను. ఆరు వారాల దాకా అంకెల్లో ఏమీ కనిపించదు, ఇంటికొచ్చాక నీరసం తగ్గడమే మొదటి గుర్తు.

ఇక రోడ్ బైక్. మంచి రోడ్ బైక్ మీద వంగి కూర్చుంటే అదే బలానికి గంటకి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ వస్తుంది, అది నిజం. కానీ నడుము, మెడ సిద్ధంగా లేకుండా అంత వంగితే నెలలో అటకెక్కిస్తారు. నాలుగు నెలలు ఇవన్నీ చేశాక కూడా ఆదివారం రెండున్నర గంటలు తొక్కాలనిపిస్తుంటే అప్పుడు కొనండి. కొనేటప్పుడు బరువు ఎంత తక్కువ అని కాకుండా, 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేమ్, హ్యాండిల్ కొంచెం ఎత్తుగా ఉండే ఎండ్యూరెన్స్ రకం, వెనక పెద్ద పళ్ల చక్రం 32 పళ్లకి తగ్గకుండా ఉన్నది చూడండి. సైజు విషయంలో షాపువాళ్లు తమ దగ్గరున్నదే మీకు సరిపోతుందంటారు, పావుగంట తొక్కి చూడనివ్వని చోట కొనకండి.